డొమైన్ పేరును వేరే రిజిస్ట్రార్‌కు మార్చేటప్పుడు మెయిల్ ఆగకుండా చూసుకోవడం ఎలా?

ప్రశ్న: పెరంబూరు నుంచి, ఏప్రిల్ 2

నమస్కారమండి. మాది చెన్నైలో పెరంబూరు. మా అత్తగారు ఇంట్లో మొదలుపెట్టిన పచ్చళ్ళ వ్యాపారాన్ని ఇప్పుడు నేనూ మా వారూ నడుపుతున్నాం. 2018లో మాకు తెలిసిన వెబ్ డిజైనర్ ఒకరు మా దుకాణం పేరు మీద డాట్ కామ్ డొమైన్ తీసుకుని, వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చారు. ఆ పేరుతోనే మా ఆర్డర్ల మెయిల్ కూడా నడుస్తోంది. బయటి ఊళ్ళ ఆర్డర్లు ఎక్కువగా ఆ మెయిల్‌కే వస్తాయి కనుక అది ఒక్క పూట ఆగినా మాకు నష్టమే. అందులోనూ ఇప్పుడు ఆవకాయ కాలం మొదలవుతోంది.

డొమైన్ గడువు మే 18తో ముగుస్తుంది. మొదటి ఏడాది ఆ పేరును చవకగా అమ్మిన రిజిస్ట్రార్ సంస్థ ఆ తర్వాత ఏటా ధర పెంచుతూ వచ్చింది. ఈసారి పంపిన రెన్యువల్ బిల్లులో మేము ఎన్నడూ అడగని రెండు సేవలను కూడా కలిపారు. వాటిని తీసేయమని రెండుసార్లు రాసినా సరైన జవాబు రాలేదు. అందుకని వేరే రిజిస్ట్రార్‌కు మారిపోదామని నిర్ణయించుకున్నాం.

మారేటప్పుడు వెబ్‌సైటూ మెయిలూ కొంతసేపైనా ఆగిపోతాయా? ఇప్పుడే మారితే మే 18 వరకు మేము కట్టిన డబ్బు పోతుందా, లేక గడువు ముగిసేదాకా ఆగడం మంచిదా? అన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది ఇంకొకటి ఉంది. నమోదులో యజమానిగా మా దుకాణం పేరే ఉంది, ఖాతా కూడా మా వారి ఫోన్‌కు వచ్చే ఓటీపీతోనే తెరుచుకుంటుంది. కానీ అక్కడ ఇచ్చిన ఈమెయిల్ చిరునామా మాత్రం ఆ డిజైనర్ గారిది. ఆయన ఇప్పుడు వేరే దేశంలో ఉన్నారు. ఫోన్ చేస్తే పలుకుతారు, మంచి మనిషి. ఆ చిరునామాను ముందు మార్చుకోవాలా, తర్వాతా? తెలిసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: మైలాపూరు నుంచి, ఏప్రిల్ 2

అమ్మా, నేను మైలాపూరులో చిన్న హోస్టింగ్ సంస్థ నడుపుతున్నాను, ఇలాంటి మార్పులు తరచుగా చేస్తుంటాను. మీ వెబ్‌సైటు ఉన్న సర్వరు, మీ మెయిల్ ఉన్న సర్వరు, మీ డొమైన్ నమోదు ఉన్న చోటు, ఈ మూడూ వేర్వేరు. మీరు మార్చబోయేది మూడోదాన్ని మాత్రమే. డాట్ కామ్ పేర్లన్నిటి అసలు పట్టిక వెరిసైన్ అనే సంస్థ దగ్గర ఉంటుంది, దాన్ని రిజిస్ట్రీ అంటారు. మనకు పేర్లు అమ్మేవాళ్ళు రిజిస్ట్రార్లు. బదిలీ అంటే ఆ పట్టికలో మీ పేరుకు ఎదురుగా ఉన్న రిజిస్ట్రార్ గడిలో ఒకరిని తీసేసి ఇంకొకరిని రాయడమే. గ్యాస్ కనెక్షన్‌ను ఒక డీలరు నుంచి మరో డీలరుకు మార్చుకున్నప్పుడు కంపెనీ అదే, వంటింట్లో పొయ్యి అదే. ఇదీ అంతే.

అయితే ఆ పొయ్యి పాత డీలరే అరువిచ్చినదైతే మాత్రం చిక్కు వస్తుంది. డొమైన్ విషయంలో ఆ అరువు పొయ్యి పేరు డీఎన్ఎస్. మీ పేరు ఏ సర్వరుకు వెళ్ళాలో, మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే రికార్డులు నేమ్ సర్వర్లలో ఉంటాయి. ఆ నేమ్ సర్వర్లు పాత రిజిస్ట్రార్ ఉచితంగా ఇచ్చినవైతే, బదిలీ పూర్తయ్యాక వాళ్ళు వాటిని ఎప్పుడైనా ఆపేయవచ్చు. మారేటప్పుడు మెయిల్ ఆగిపోయిందని వచ్చే ఫిర్యాదులు నేను చూసినంతలో దాదాపు అన్నీ ఇక్కడే పుట్టాయి. బదిలీ వల్ల ఆగినది ఒక్కటీ నాకు గుర్తులేదు. కనుక ముందుగా మీ నేమ్ సర్వర్లు ఎవరివో చూడండి. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థకు నియమాలు పెట్టే ఐకాన్ సంస్థ లుకప్ పేజీలో మీ పేరు కొడితే అవి కనిపిస్తాయి. అక్కడే స్టేటస్ అన్న చోట క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్ అని ఉంటే కంగారు పడకండి. అది దొంగ బదిలీలు జరగకుండా వేసిన తాళం మాత్రమే, ఖాతాలోకి వెళ్ళి మీరే తీయవచ్చు.

నేమ్ సర్వర్లు పాత రిజిస్ట్రార్‌వే అయితే బదిలీ కన్నా ముందు డీఎన్ఎస్‌ను బయటికి తెచ్చుకోండి. కొత్త రిజిస్ట్రార్ దగ్గరో, విడిగా డీఎన్ఎస్ సేవ ఇచ్చేవారి దగ్గరో ఖాతా తెరిచి, పాత చోట ఉన్న రికార్డులన్నిటినీ ఒక్కటీ వదలకుండా అక్కడ రాయండి. వెబ్‌సైటు ఉన్న సర్వరును చూపే 'ఎ' (A) రికార్డును ఎవరూ మరిచిపోరు, మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డులను కూడా మరిచిపోరు. మరిచిపోయేవి టీఎక్స్‌టీ రికార్డులు: మీ తరఫున మెయిల్ పంపే హక్కు ఎవరికుందో చెప్పే ఎస్‌పీఎఫ్, మెయిల్ మీద సంతకంలాంటి డీకేఐఎమ్. ఈ రెండూ లేకపోతే మీకు మెయిల్ వస్తూనే ఉంటుంది, కానీ మీరు పంపినవి అవతలివారి స్పామ్‌లో పడతాయి. అది మీకు వారం రోజుల దాకా తెలియకపోవచ్చు. డీకేఐఎమ్ రాసేటప్పుడు ఇంకో మాట: రికార్డులు రాసే పేజీలు, అంటే పానెళ్ళు, చాలావరకు పేరు గడిలో మీ డొమైన్‌ను వాటంతట అవే చివర తగిలిస్తాయి. మీరు కూడా పూర్తి పేరు రాస్తే అది రెండుసార్లు పడి రికార్డు పనిచేయదు.

నేమ్ సర్వర్లు మార్చాక రెండు రోజులు ఆగండి. డాట్ కామ్ రిజిస్ట్రీ ఇచ్చే నేమ్ సర్వర్ సమాచారాన్ని ఇతర సర్వర్లు 48 గంటల పాటు గుర్తుంచుకోవచ్చు. ఆ రెండు రోజులూ పాత చోటి రికార్డులను చెరపవద్దు, సగం మంది ఇంకా అటే వెళ్తుంటారు.

ఆ తర్వాతి పని చిన్నదే. పాత ఖాతాలో తాళం తీసి, ఆథ్ కోడ్ (బదిలీకి అనుమతినిచ్చే రహస్య సంకేతం) తీసుకుని, కొత్త రిజిస్ట్రార్ దగ్గర బదిలీకి డబ్బు కట్టి, ఆ కోడ్ ఇవ్వాలి. కోడ్‌లో సున్నాకూ ఇంగ్లీషు 'ఓ' అక్షరానికీ తేడా కంటికి ఆనదు కనుక చేత్తో కొట్టకండి, కాపీ చేసి పెట్టండి. పెట్టేటప్పుడు చివర ఒక ఖాళీ చేరినా తప్పు కోడ్ అంటుంది. దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పంపుకోవద్దు, అది ఇంటి తాళంచెవి. ఆపై పాత రిజిస్ట్రార్ ఒక మెయిల్ పంపుతుంది. అందులో ఒప్పుకుంటే వెంటనే పని అయిపోతుంది. ఎవరూ ఏమీ చెప్పకపోతే 5 రోజుల తర్వాత దానంతట అదే పూర్తవుతుంది. మౌనం ఇక్కడ అంగీకారమే.

ఇక డబ్బు సంగతి. మీ మిగిలిన రోజులు ఎక్కడికీ పోవు. బదిలీకి కట్టే రుసుముతో ఉన్న గడువుకు ఒక ఏడాది కలుస్తుంది, అంటే మీ మే 18 వచ్చే ఏడాది మే 18 అవుతుంది. మొత్తం గడువు 10 ఏళ్ళు దాటకూడదన్న పరిమితి ఒక్కటే ఉంది. కాబట్టి గడువు ముగిసేదాకా ఆగడంలో లాభం ఏమీ లేదు.

డిజైనర్ గారి ఈమెయిల్‌ను మాత్రం ముందే మీదిగా మార్చుకోండి. అప్పుడు ఆ మెయిళ్ళన్నీ మీకే వస్తాయి.

జవాబు: బెంగళూరు నుంచి, ఏప్రిల్ 3

మైలాపూరు వారు చెప్పినదంతా బాగుంది, ముఖ్యంగా డీఎన్ఎస్ గురించి. కానీ చివరి సలహా మాత్రం దయచేసి పాటించకండి. నేను బెంగళూరులో ఒక సంస్థకు డొమైన్ల లెక్క చూసే ఉద్యోగం చేస్తున్నాను. ఈ ఒక్క పొరపాటుతో రెండు నెలలు ఇరుక్కున్న అనుభవం నాకుంది.

ఐకాన్ నియమాల ప్రకారం 2016 డిసెంబరు 1 నుంచి నమోదుదారు పేరు, సంస్థ, ఈమెయిల్ చిరునామా, ఈ మూడింటిలో ఏది మారినా దాన్ని నమోదుదారు మార్పుగా లెక్కిస్తారు. అలాంటి మార్పు తర్వాత 60 రోజుల పాటు ఆ పేరును వేరే రిజిస్ట్రార్‌కు బదిలీ చేయనివ్వరు. కొందరు రిజిస్ట్రార్లు మార్పుకు ముందే ఈ 60 రోజుల తాళం వద్దనుకునే వీలు ఇస్తారు, అందరూ ఇవ్వాలన్న నిర్బంధం లేదు. మార్పు జరిగిపోయాక అడిగితే ప్రయోజనం ఉండదు. మీకు గడువుకు 45 రోజులే ఉన్నాయి. ఇప్పుడు ఈమెయిల్ మారిస్తే జూన్ మొదటి వారం దాకా కదలలేరు, ఈలోపు మీరు వద్దనుకున్న ఆ బిల్లే కట్టవలసి వస్తుంది.

మరి ఆ చిరునామా ఎలా మారుతుంది? అది బదిలీలోనే మారుతుంది. 2018 మే 25న యూరప్ గోప్యతా చట్టం జీడీపీఆర్ అమల్లోకి వచ్చినప్పుడు నమోదుదారుల ఈమెయిళ్ళు బయటికి కనిపించకుండా పోయాయి. దాంతో కొత్త రిజిస్ట్రార్ పాత చిరునామాకు మెయిల్ పంపి అనుమతి తీసుకునే పద్ధతి కూడా చాలావరకు పోయింది. దాని బదులు నమోదుదారు తన వివరాలను కొత్త రిజిస్ట్రార్ దగ్గర స్వయంగా మళ్ళీ నమోదు చేసుకుంటారు. అక్కడ మీ దుకాణం పేరును ఇప్పుడున్నట్టే రాసి, ఈమెయిల్ దగ్గర మీది ఇవ్వండి. ఇవ్వబోయే చిరునామా మాత్రం ఇదే డొమైన్ మీద నడిచే మెయిల్ కాకూడదు. రేపు డొమైన్‌కు ఏదైనా ఇబ్బంది వస్తే, ఆ ఇబ్బందిని తెలిపే మెయిల్ కూడా మీకు చేరదు.

పాత రిజిస్ట్రార్ పంపే మెయిల్ డిజైనర్ గారికే వెళ్తుంది. ఆయన చూడకపోయినా 5 రోజుల్లో పని అవుతుంది. కానీ పొరపాటున తిరస్కరించే లింకు నొక్కితే ఆగిపోతుంది. కనుక ముందే ఫోన్ చేసి చెప్పండి. ఆథ్ కోడ్ ఖాతాలో కనిపించకుండా ఆయన మెయిల్‌కే వెళ్ళినా ఆయన సాయం కావాలి.

ఇంకొకటి. తాళం తీయమనో, కోడ్ ఇవ్వమనో అడిగితే పాత రిజిస్ట్రార్ 5 రోజుల్లోగా ఆ పని చేయాలి. రాబోయే ఏడాది బిల్లు కట్టలేదన్న కారణంతో బదిలీని ఆపే హక్కు వారికి లేదు. 1999 దాకా డాట్ కామ్ పేర్లు అమ్మే అధికారం నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే ఒక్క సంస్థకే ఉండేది, నచ్చకపోతే వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. ఆ పరిస్థితి పోవాలనే రిజిస్ట్రార్లను పెంచారు, 2004 నవంబరు 12 నుంచి బదిలీ నియమాలను అమలు చేశారు. వెళ్ళిపోవడం మీ హక్కు, కాబట్టి బతిమాలుతున్నట్టు కాకుండా గట్టిగానే రాయండి.

జవాబు: మైలాపూరు నుంచి, ఏప్రిల్ 3

బెంగళూరు వారి సవరణ సరైనది, కృతజ్ఞతలు. నా దగ్గరికి వచ్చేవారికి గడువు చాలా ఉంటుంది కనుక ఈమెయిల్ ముందే మార్పించడం అలవాటైపోయింది, ఇక్కడ రోజుల లెక్క చూడకుండా అదే రాశాను. అమ్మా, ఆ వాక్యాన్ని పక్కన పెట్టి మిగిలినది చేయండి.

అడిగినవారు: ఏప్రిల్ 4

ఇద్దరికీ నమస్కారాలు. ఈమెయిల్ మార్చే పేజీ దాకా వెళ్ళి, సేవ్ నొక్కబోయే ముందు మళ్ళీ ఇక్కడికి వచ్చి చదివాను. అది మా అదృష్టం.

లుకప్‌లో చూస్తే నేమ్ సర్వర్లు పాత రిజిస్ట్రార్‌వే. తాళం ఉంది. డీఎన్‌ఎస్‌సెక్ అన్న చోట సైన్డ్ అని కనిపిస్తోంది, దానివల్ల ఏమైనా తేడా వస్తుందా? ఖాతాలో ఆటో రెన్యువల్ కూడా వేసి ఉంది, మా కార్డు దానికి కలిపి ఉంది. మాకు ఇదే పేరుతో డాట్ ఇన్ కూడా ఉంది, దానికీ ఇవే నియమాలా?

జవాబు: బెంగళూరు నుంచి, ఏప్రిల్ 4

డీఎన్‌ఎస్‌సెక్ గురించి మీరు అడగడం ఎంతో మంచిదైంది. సైన్డ్ అంటే మీ రికార్డుల మీద పాత నేమ్ సర్వర్లు సంతకం చేస్తున్నాయని, ఆ సంతకాన్ని సరిచూసుకోవడానికి కావలసిన డీఎస్ అనే రికార్డు రిజిస్ట్రీ దగ్గర ఉందని అర్థం. దాన్ని అలాగే ఉంచి నేమ్ సర్వర్లు మారిస్తే, కొత్త చోటి జవాబులకు పాత సంతకం కుదరదు. సంతకాలు సరిచూసే సర్వర్లు మీ పేరు అసలు లేనట్టే ప్రవర్తిస్తాయి. మీ ఫోన్‌లో సైటు తెరుచుకుంటుంది, పక్కవారి ఫోన్‌లో తెరుచుకోదు, కారణం అంతుపట్టదు. కనుక అన్నిటికన్నా ముందు పాత ఖాతాలో డీఎన్‌ఎస్‌సెక్ ఆపండి, ఒక రోజు పూర్తిగా ఆగండి, ఆ తర్వాతే నేమ్ సర్వర్లు మార్చండి. బదిలీ అయ్యాక కొత్త చోట మళ్ళీ పెట్టుకోవచ్చు.

ఆటో రెన్యువల్‌ను ఈ రోజే తీసేయండి. గడువు రోజున ఆటో రెన్యువల్ జరిగి, ఆ తర్వాత 45 రోజుల్లోపు మీరు బదిలీ చేస్తే, ఆ రెన్యువల్‌తో కలిసిన ఏడాది రద్దవుతుంది. రిజిస్ట్రీ ఆ డబ్బును పాత రిజిస్ట్రార్‌కు తిరిగి జమ చేస్తుంది, వాళ్ళు మీకు ఇస్తారా లేదా అన్నది వాళ్ళ ఇష్టం. ఒకే ఏడాదికి రెండుసార్లు కట్టినవాళ్ళను చూశాను.

డాట్ ఇన్ దేశం పేరు మీద ఉన్నది కనుక దానికి ఐకాన్ బదిలీ నియమాలు వర్తించవు. దాని రిజిస్ట్రీని నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా చూస్తుంది. మన లిపిలో రాసుకునే డాట్ భారత్ కూడా వారి చేతిలోనిదే. అక్కడ కూడా తాళం తీయడం, ఆథ్ కోడ్ ఇవ్వడం ఉంటాయి. కానీ పైన మేము చెప్పిన రోజుల లెక్కలను దానికి అన్వయించుకోకండి, కొత్త రిజిస్ట్రార్‌ను విడిగా అడగండి. రెండింటినీ ఒకే రోజు కదపకండి. డాట్ కామ్ కుదురుకున్నాక దాని పని చూడవచ్చు.

అడిగినవారు: ఏప్రిల్ 14

పని పూర్తయింది. ఇలాంటి అవసరం పడ్డవారికి పనికొస్తుందని జరిగినది రాస్తున్నాను.

4వ తేదీ సాయంత్రం డీఎన్‌ఎస్‌సెక్ ఆపి, ఆటో రెన్యువల్ తీసేశాను. 5వ తేదీన పాత పానెల్‌లో ఉన్న రికార్డులను ముందు ఒక నోటుపుస్తకంలో రాసుకుని లెక్కపెట్టాను. మొత్తం 11 ఉన్నాయి. కొత్త చోట ఎక్కించాక చూస్తే అక్కడా 11 ఉన్నాయి కనుక సరిపోయిందనుకున్నాను. అయినా నేమ్ సర్వర్లు మార్చే ముందు మా వారు కంప్యూటర్‌లో ఎన్ఎస్‌లుకప్ అనే ఆదేశంతో కొత్త సర్వరునే నేరుగా ఒక్కో రికార్డు అడిగి చూశారు. పదింటికి జవాబు వచ్చింది, డీకేఐఎమ్‌కు మాత్రం రాలేదు. తీరా చూస్తే మైలాపూరు వారు హెచ్చరించినట్టే దాని పేరులో మా డొమైన్ రెండుసార్లు పడి ఉంది. చదివి కూడా అదే తప్పు చేశాను. దాన్ని సరిచేసి, సాయంత్రానికి ఒక రోజు నిండాక రాత్రి పది గంటలకు నేమ్ సర్వర్లు మార్చాం. మరుసటి రోజంతా గంటకోసారి మా అమ్మాయి మెయిల్ నుంచి ఆర్డర్ల చిరునామాకు, అక్కడి నుంచి తిరిగి తనకు పంపి చూసుకున్నాం. అన్నీ చేరాయి, ఏదీ స్పామ్‌లో పడలేదు.

8వ తేదీ ఉదయం తాళం తీశాను. ఆథ్ కోడ్ ఖాతాలో కనిపించలేదు, ఈమెయిల్‌కు పంపామన్న మాట మాత్రం కనిపించింది. డిజైనర్ గారికి ముందు రోజే చెప్పి ఉంచడం వల్ల ఆయన నిద్రలేవగానే ఫోన్ చేసి నిదానంగా చదివి చెప్పారు, నేను రాసుకుని తిరిగి చదివి వినిపించాను. సున్నా దగ్గర ఒకసారి పొరబడ్డాం, రెండోసారి సరిపోయింది. కొత్త చోట వివరాలు నింపేటప్పుడు దుకాణం పేరు పాతదే ఉంచి, ఈమెయిల్ దగ్గర మా వారి వేరే మెయిల్ ఇచ్చాను.

పాత రిజిస్ట్రార్ నుంచి డిజైనర్ గారికి వచ్చిన మెయిల్‌లో ఒప్పుకునే లింకు అసలు లేదు, వద్దనే లింకు ఒక్కటే పెద్ద అక్షరాలతో ఉంది. ముందుగా చెప్పి ఉండకపోతే ఆయన దాన్నే నొక్కి ఉండేవారు. ఐదు రోజులూ లుకప్‌లో పెండింగ్ ట్రాన్స్‌ఫర్ అని కనిపించింది. మధ్యలో పాత రిజిస్ట్రార్ వాళ్ళు ఫోన్ చేసి, ధర తగ్గిస్తాం, ఉండిపొమ్మని అడిగారు. మా వారు మర్యాదగానే వద్దన్నారు. నిన్న మధ్యాహ్నం రిజిస్ట్రార్ గడిలో కొత్త పేరు కనిపించింది, గడువు వచ్చే ఏడాది మే 18 అని ఉంది. ఈ పన్నెండు రోజుల్లో ఒక్క ఆర్డరు కూడా తప్పిపోలేదు.

డాట్ ఇన్ పని వచ్చే నెల చూస్తాం. డీఎన్‌ఎస్‌సెక్ మళ్ళీ పెట్టడానికి కొత్త చోట ఒక స్విచ్ ఉంది, ఇంకో రెండు రోజులు ఆగి వేస్తాను. మైలాపూరు వారూ, మీ చిరునామా పంపితే మొదటి జాడీ తీసిన రోజున ఆవకాయ పంపుతాం. బెంగళూరు వారికి కూడా.